మూతి నుంచి దట్టించే తుపాకులు: అపోహలు – వాస్తవాలు

మూతి నుంచి మందు పోసి, దాని మీద గుండు దట్టించి పేల్చే తుపాకుల గురించి చెలామణిలో ఉన్న నమ్మకాలు చాలావరకు కంటికి, చెవికి, అరచేతికి తోచిన అంచనాలే. కొలిచి చూసేసరికి వాటిలో పలు నమ్మకాలు వీగిపోయాయి.

బాగా చూసుకుంటే చెకుముకి తుపాకీ క్యాప్ తుపాకీకి ఏమాత్రం తీసిపోదన్నది అందులో ఒకటి. 1807లో పేటెంటు పొందిన స్కాట్లండ్ మతబోధకుడు అలెగ్జాండర్ ఫోర్సిత్ దెబ్బ తగిలితే మండే రసాయనాన్ని తుపాకీకి వాడటం మొదలుపెట్టాడు. చెకుముకి మెరుపు చూసి పక్షులు ఎగిరిపోతున్నాయన్నదే ఆయన బాధ. ఆ పద్ధతి నుంచే తర్వాత రాగి క్యాపు వచ్చింది. 1834లో ఇంగ్లండులోని ఊలిచ్‌లో రెండు రకాల తుపాకులనూ ఎండావానల తేడా లేకుండా ఒక్కో రకంతో 6,000 సార్లు పేల్చి చూశారు. చెకుముకి తుపాకులు 922 సార్లు, అంటే ఇంచుమించు ఆరున్నరకు ఒకసారి, పేలలేదు. క్యాప్ తుపాకులు మొరాయించింది 36 సార్లే.

అలాగని క్యాపు వచ్చాక ఆ బెడద తీరిందనుకోవడమూ పొరపాటే. అమెరికా అంతర్యుద్ధంలో 1863 నాటి గెటిస్‌బర్గ్ యుద్ధభూమిలో 27,574 తుపాకులు ఏరితే, వాటిలో సుమారు 24,000 తుపాకుల్లో మందు దట్టించే ఉంది. అందులో సగానికి రెండేసి మోతాదులు పడ్డాయి; ఒకదానిలో ఏకంగా 23 ఉన్నాయి. పోరు హోరులో తన తుపాకీ పేలిందో లేదో సైనికుడికే తెలియలేదు. కొందరు క్యాపు పెట్టడమే మరిచి ఉంటారు. నిప్పు పుట్టించే ఏర్పాటు ఎంత నమ్మకమైనదైనా దాన్ని వాడే మనిషి కంగారును అది సరిదిద్దలేదు.

చెకుముకి తుపాకీలో ముందుగా నిప్పందుకునే మందును, అంటే రంజకాన్ని, గొట్టం పక్కనున్న రంధ్రానికి దూరంగా పోస్తే వేగంగా పేలుతుందని తరతరాలుగా చెప్పుకున్నారు. ఎలక్ట్రానిక్ పరికరాలతో సమయాన్ని కొలిచిన ప్రయోగాల్లో తేలింది దీనికి విరుద్ధం: రంధ్రానికి దగ్గరగా ఉన్న రంజకమే త్వరగా లోపలి మందును అంటించింది. అయితే రంధ్రమే మందుతో పూడుకుపోతే అది ఒత్తిలా ఒక చివర నుంచి కాలుకుంటూ వెళ్లి ఆలస్యం చేస్తుంది. సెకనులో వందో వంతు తేడాలను చెవి పట్టుకోలేదు కాబట్టి ఈ వాదన చాలాకాలం తెగలేదు.

ఇక మందు మోతాదు విషయం. అరచేతిలో గుండు పెట్టుకుని అది కనిపించకుండా మునిగేంత మందు పోస్తే సరైన కొలత వస్తుందని పాతకాలపు సూత్రం. అరచేయి గుంటను బట్టి, మందు పోసిన తీరును బట్టి అది మారిపోతుంది. గొట్టం ముందు తెల్లగుడ్డ పరిచి, దాని మీద నల్లటి రేణువులు పడితే మందు కాలకుండా వృథా అయిందని తేల్చడం మరో పద్ధతి. ఇదీ నమ్మదగినది కాదు. సురేకారం 75, బొగ్గు 15, గంధకం 10 పాళ్ల నల్లమందు పూర్తిగా కాలినా, బరువులో సగానికి పైగా ఘన పదార్థంగానే మిగులుతుందని 1870లలో శాస్త్రవేత్తలు నోబుల్, ఏబెల్ చేసిన పరిశోధనలు చూపాయి. గుడ్డ మీద పడినది ఆ మసి కావచ్చు.

మందు రెట్టింపు చేస్తే గుండు వేగమూ రెట్టింపవుతుందన్నది కూడా నిజం కాదు. వేగం పెరుగుతుంది గానీ పెరుగుదల తగ్గుతూ పోతుంది. తుపాకీ వెనక్కి తన్నే తన్ను మాత్రం పెరుగుతూనే ఉంటుంది. గుండు వేగాన్ని లోలకంతో కొలిచే పద్ధతిని 1742లోనే ఇంగ్లండు గణితవేత్త బెంజమిన్ రాబిన్స్ ప్రచురించాడు. కొలిచే సాధనం దొరికి ఇన్నేళ్లయినా మందు ఎంత ఎక్కువైతే అంత మంచిదన్న నమ్మకం పోలేదు.

ప్రాణం తీసే అపోహలు రెండున్నాయి. మందుకూ గుండుకూ మధ్య కొంత ఖాళీ ఉంటే నష్టం లేదన్నది మొదటిది. గుండు మందు మీద గట్టిగా ఆనకపోతే గొట్టం ఉబ్బవచ్చు, పగలవచ్చు. నేటి పొగరాని మందును నల్లమందు కొలతతోనే పోయవచ్చన్నది రెండోది. దాని పీడనాన్ని పాత తుపాకీ గొట్టం తట్టుకోలేదు. నల్లమందు తుపాకీలో తయారీదారు చెప్పిన మందును, చెప్పిన గరిష్ఠ మోతాదుకు మించకుండా మాత్రమే వాడాలి.

చివరిది, ఈ తుపాకులకు గురి ఉండదన్న మాట. నున్నటి గొట్టం ఉన్న మస్కెట్ల విషయంలో అది నిజమే. గొట్టం లోపల మెలితిరిగిన గాడులున్న రైఫిళ్ల విషయంలో కాదు. 1874లో న్యూయార్క్ సమీపంలోని క్రీడ్‌మోర్‌లో 800, 900, 1,000 గజాల దూరాల పోటీలో ఐర్లండ్ జట్టు మూతి నుంచి దట్టించే రిగ్బీ రైఫిళ్లతోనూ, అమెరికన్లు వెనుక నుంచి నింపే రైఫిళ్లతోనూ తలపడ్డారు. అమెరికన్లు 934–931తో నెగ్గారు. ఐర్లండ్ ఆటగాడొకరి గుండు నట్టనడిమికే తగిలినా, అది పక్కవారి లక్ష్యం కావడంతో ఆ నాలుగు పాయింట్లు లెక్కలోకి రాలేదు.