బొడిపెల ఇటుక, బోలు వెన్నుపూస

మన కర్నూలు వైపు ఉయ్యాలవాడలో ఎంత లోతు తవ్వినా డైనోసారు ఎముక దొరకదు. పైనున్న నల్లరేగడి కింద పరుచుకున్న రాతిపొరలకు భూగర్భ శాస్త్రవేత్తలు మన ఊళ్ల పేర్లే పెట్టుకున్నారు: కోయిలకుంట్ల, నంద్యాల, అవుకు, పాణ్యం, బనగానపల్లె. మన ఇళ్లలో పరిచే నాపబండలు ఈ పొరల్లోంచి తీసినవే. వాటి వయసు 54 కోట్ల ఏళ్లకు పైమాటే. డైనోసార్లు పుట్టింది దాదాపు 23 కోట్ల ఏళ్ల కిందట. మన బండలు ఏర్పడేనాటికి ఎముకలున్న జంతువు భూమ్మీద ఒక్కటీ లేదు.

పాతకాలపు జంతువే కావాలంటే బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలకు పోవాలి. 1880ల్లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ అక్కడ తవ్వి తీసిన ఎముకల్లో అంతరించిపోయిన ఖడ్గమృగం ఒకటుంది. శిలాజ శాస్త్రవేత్త రిచర్డ్ లైడెకర్ 1886లో దానికి రైనోసెరస్ కర్నూలియెన్సిస్ అని పేరు పెట్టాడు. కర్నూలు పేరుతో ఒక ఖడ్గమృగం ఉందని మన పిల్లల్లో ఎందరికి తెలుసో గానీ, టి-రెక్స్ పేరు వినని పిల్లవాడు ఆళ్లగడ్డలో వెతికినా కనిపించడు. ఆ టి-రెక్స్ మనకు సినిమాల్లోంచి వచ్చింది, ఆ వెనకే ప్లాస్టిక్ ఇటుకలై బొమ్మల పెట్టెల్లోకి దూరింది.

ఆ ఇటుకను చేసింది ఒక వడ్రంగి కుటుంబం. డెన్మార్క్‌లోని బిలుండ్ అనే చిన్న ఊళ్లో ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్‌కు 1930ల మాంద్యంలో ఇళ్ల పనులు తగ్గిపోయాయి. 1932లో చెక్కబొమ్మలు మొదలుపెట్టాడు. యుద్ధం ముగిశాక ప్లాస్టిక్ పోతపోసే యంత్రం కొన్నాడు. 1949లో ఆయన అమ్మిన ఇటుక సొంత ఆలోచన కాదు. ఇంగ్లండులో హిలరీ ఫిషర్ పేజ్ అనే ఆయన అంతకుముందే కిడ్డీక్రాఫ్ట్ పేరుతో అలాంటి ఇటుకలు చేశాడు. వాటి నమూనా చూసే ఓలె తనవి చేశాడు. ఈ రోజు తిరునాళ్లలో నకలు పెట్టెలు కనబడితే ముక్కు విరిచేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది. ఆ నకళ్లన్నీ దొంగసరుకేమీ కాదు కూడా. ఇటుక మీది పాత పేటెంట్ల గడువు ఎప్పుడో తీరిపోయింది. ఆ ఆకారాన్ని వ్యాపార చిహ్నంగా దక్కించుకోవాలని ఓలె పెట్టిన కంపెనీ లెగో చేసిన ప్రయత్నాన్ని 2010లో యూరప్ న్యాయస్థానం తోసిపుచ్చింది. అది అలంకారం కాదు, పనిచేసే భాగం అన్నది న్యాయమూర్తుల మాట.

పనిచేసే భాగమే, కానీ 1949 నాటి ఇటుక సరిగా పనిచేయలేదు. పైన బొడిపెలు, లోపల అంతా బోలు. ఒకదాని మీద ఒకటి కూర్చునేది గానీ పట్టు ఉండేది కాదు, చెయ్యి తగిలితే గోడ జారిపోయేది. ఓలె కొడుకు గాట్‌ఫ్రెడ్ ఆ బోలు మధ్యలో గొట్టాలు నిలబెట్టాడు. కింది ఇటుక బొడిపె ఇప్పుడు గొట్టానికీ గోడలకూ మధ్య ఇరుక్కుంటుంది, రెండు మూడు వైపుల నుంచి నొక్కు పడుతుంది. 1958 జనవరి 28న పేటెంటుకు దరఖాస్తు చేశారు. ఓలె ఆ మార్చిలోనే కన్నుమూశాడు. తర్వాత 1963లో ఏబీఎస్ ప్లాస్టిక్ వచ్చింది. వంకర పోదు, రంగు త్వరగా వెలిసిపోదు. బొడిపె నుంచి బొడిపెకు 8 మిల్లీమీటర్లు, ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు. 1958 ఇటుక మీద ఈనాటి ఇటుక పెట్టి నొక్కినా కూర్చుంటుంది.

తెలుగునేల మీద అసలు డైనోసార్లు ఎక్కడున్నాయంటే మనకు ఉత్తరాన, ప్రాణహిత–గోదావరి లోయలో. అక్కడి కోట పొరల వయసు ఇంచుమించు 18 కోట్ల ఏళ్లు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు పోచంపల్లి అనే ఊరి దగ్గర దాదాపు 300 ఎముకలు తీశారు. అందులో తొడ ఎముక ఒకటి 1.7 మీటర్లుంది. తవ్వకం సాగిన 1961 రవీంద్రుడి శతజయంతి సంవత్సరం కాబట్టి ఆ జంతువు బారపాసారస్ టాగోరీ అయింది. 1975లో ఆ పేరు అచ్చులోకెక్కింది. అప్పటి ఆదిలాబాద్ జిల్లాలో యామన్‌పల్లి దగ్గర జియలాజికల్ సర్వే వాళ్లకు ఇంకో శాకాహారి దొరికింది. 840 ఎముకలు, కనీసం 12 జంతువులవి, అన్నీ కలగాపులగం. పి. యాదగిరి 1988లో దాన్ని కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అన్నారు.

లెగో పెట్టెలో ముక్కలన్నీ లెక్కపెట్టి పోస్తారు. 2019 నాటి డైనోసార్ శిలాజాల పెట్టెలో 910 ముక్కలు, 2025 నాటి టి-రెక్స్ అస్థిపంజరంలో 3,145. ఎక్కడ ఏది పెట్టాలో చూపే పుస్తకమూ ఉంటుంది. యామన్‌పల్లిలో దొరికింది పన్నెండు పెట్టెల ముక్కలు ఒకే గోతాంలో పోసినట్టు. పుస్తకం లేదు, పూర్తి తలకాయ ఒక్కదానికీ లేదు. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ పలు జంతువుల ఎముకలతో కూర్చినది. దాని తల పోల్చి చేసిన ఊహ.

బొమ్మ కూడా తప్పులు చేస్తుంది. ఆ 2019 పెట్టెలో టి-రెక్స్, ట్రైసెరాటాప్స్‌తో పాటు టెరనోడాన్ కూడా ఉంది. అది డైనోసారు కాదు, ఎగిరే సరీసృపం. పైగా ఆ రెండింటి కంటే కోటిన్నర ఏళ్లకు పైగా ముందే పోయింది. సినిమా టి-రెక్స్ అరచేతులు నేల వైపు తిప్పుకుంటుంది, అసలుది ఒకదానికొకటి ఎదురుగా పెట్టుకునేది. ఇవి పట్టించుకోదగ్గవే గానీ, నాకు ముఖ్యంగా అనిపించేది బరువు.

1:32 కొలతలో బారపాసారస్‌ను చేస్తే బొమ్మ 44 సెంటీమీటర్లు వస్తుంది, ఎందుకంటే అసలుది సుమారు 14 మీటర్లు. పొడవు 32 రెట్లయితే కాలి అడ్డుకోత 1,024 రెట్లు పెరుగుతుంది, బరువు 32,768 రెట్లు. అంటే కాలి ఎముకలో ప్రతి చదరపు సెంటీమీటరు మీద భారం 32 రెట్లు. బొమ్మకు ఏ కాళ్లు పెట్టినా చెల్లుతుంది, జంతువుకు స్తంభాలు కావాలి. ఇటుక మాత్రం తక్కువది కాదు. 2012లో బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ ఇంజనీర్లు నాలుగు బొడిపెల చిన్న ఇటుకను యంత్రంలో నొక్కి చూశారు. సుమారు 432 కిలోల దాకా తట్టుకుంది. బారపాసారస్ బరువు ఏడు టన్నులనుకుందాం. కాలికి నాలుగు చొప్పున పదహారు ఇటుకలు పెడితే, కదలకుండా నిలబడినంతసేపు లెక్క ఇంచుమించు సరిపోతుంది. ఒక కాలు ఎత్తిందంటే మిగతా మూడింటి కింద ఇటుకలు నలిగిపోతాయి.

ఏడు టన్నుల జంతువు తన బరువు తానే ఎలా తగ్గించుకుంది? వెన్నుపూసలు చూడాలి. కోటసారస్ పూసలు సాదాసీదావి. బారపాసారస్ పూసల పక్కల్లో గుంటలు మొదలయ్యాయి. తర్వాత కోట్ల ఏళ్లకు వచ్చిన బ్రాకియోసారస్ నాటికి ఆ గుంటలు లోపలికి పోయి గదులయ్యాయి, గదుల మధ్య పలచటి ఎముక గోడలు మిగిలాయి. ఆ ఖాళీల్లోకి పక్షుల్లో లాగే గాలితిత్తులు చొచ్చుకుపోయేవి. బోలు చేస్తే బరువు తగ్గుతుంది, కానీ ఉత్త బోలు నలిగిపోతుంది. మధ్యలో అడ్డుగోడ నిలబడాలి. 1949 ఇటుకకు, 1958 ఇటుకకు ఉన్న తేడా కూడా ఇంచుమించు ఇదే. ఇటుకలో గొట్టం పని పట్టు, పూసలో గోడ పని బలం. అయినా రెండుచోట్లా ఖాళీని పనికి పెట్టింది మధ్యలో నిలిచిన ఆ కాస్త పదార్థమే. బిలుండ్‌లో దానికి తొమ్మిదేళ్లు పట్టింది.

బొమ్మ బ్రాకియోసారస్ మెడ విప్పి చూస్తే చాలా ముక్కలు అడుగున బోలే, లోపల గొట్టమో సన్నటి కడ్డీయో నిలిచి ఉంటుంది. చేసినవాళ్లు డైనోసారును తలుచుకుని అలా పెట్టలేదు. మామూలు ఇటుకలకు అదే తీరు. కాలం లెక్క తప్పిన బొమ్మ, జంతువు లోపలి కట్టడంలో మాత్రం తనకు తెలియకుండానే దగ్గరికి వచ్చింది. బిర్లా మ్యూజియానికి పోయేవాళ్లు కోటసారస్ తల దగ్గర ఫోటోలు దిగుతారు. తల ఊహ కాబట్టి, నా మాటవిని ఓ నాలుగడుగులు పక్కకు జరిగి నడుము దగ్గరి పూసలు చూడండి. గుంటలు ఇంకా రాని కాలపు పూసలవి.