దారి చెప్పు పటములు

నందిగామలో మాయింటికి దారి యడిగినవారికి మేమెన్నడును తూర్పు పడమరలు చెప్పి యెఱుగము. రావిచెట్టు దాటి, రామాలయము కడ మళ్లి, పిండిమర వెనుక సందు అని చెప్పుదుము. మొన్న జగ్గయ్యపేటనుండి మా తోడికోడలు చేతిఫోనులోని పటమును నమ్ముకొని వచ్చి, మా పెరటిగోడ కావలనుండి “అక్కయ్యా! వచ్చేశానని ఇది చెపుతోంది, గుమ్మం మాత్రం కనపడదేం?” అని కేకవేసినది. నవ్వుకొంటిమి గాని, తప్పు పటముదా మాదా యను సందేహము మమ్ము వదలలేదు.

మనుష్యుడు కంప్యూటరుతో నెట్లు మెలగును, అది యాతని వాడుక కెట్లు లోబడవలెనని విచారించు శాస్త్ర మొకటి కలదు. పెద్దచదువులు చదువు పిల్లలు నేడు దీనిని పటములకు జోడించి, తాకిన కదలునట్టియు, అడిగిన బదులు చెప్పునట్టియు పటములను గల్పించుచున్నారు. గూగులు సంస్థవారు మనదేశమున నిట్టి పరిశీలన చేసిరి. అంగళ్లకు ఫోను చేసి దారి యడిగిరి; జనులచేత కాగితముపై దారులు గీయించిరి; దారి వెదకుచు బోవువారి వెంట నడచిరి. మనవారు వీథిపేర్లతో గాక గుఱుతులతో దారి చెప్పుకొందురని తేలినది. 2009 డిసెంబరు నుండి వారి పటము గుఱుతులు గూడ జెప్పసాగినది. మన యింట ప్రతి ముసలమ్మకును దెలిసిన సంగతికి ఇంత శ్రమయా యని సోదరీమణులు నవ్వవచ్చును. అడిగి తెలిసికొనిరి గదా, అదియే మెచ్చదగినది.

అయితే గుఱుతుల నందు వ్రాయువా రెవరు? తెలుగింటి పేరుగల కాట్రగడ్డ లలితేశ్ గారు ఆ సంస్థలో నుండగా, ఊరివారే తమ వీథులను, ఆసుపత్రులను చేర్చుకొనుటకు మ్యాప్ మేకర్ అను సాధనమును దోడివారితో సిద్ధపఱచిరి. 2008లో వెలువడిన యది 2017లో మూతపడినది. స్టీవ్ కోస్ట్ అను నాతడు 2004లో ఇంగ్లండున ఆరంభించిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మాత్రము నేటికిని నడచుచున్నది. అందు పేర్లు తెలుగు లిపిలోనే వ్రాయవచ్చును.

2024 సెప్టెంబరు మొదట మున్నేరు పొంగి, ఐతవరము కడ హైదరాబాదు రహదారి మునిగెను. నాడు మాకు పటముకంటె మనుష్యుల మాటయే యక్కఱకు వచ్చినది. ఏ త్రోవ మెరక, ఏ తూము ముందు మునుగునను సంగతి పాలు పోయువారికిని, నాట్లకు బోవు స్త్రీలకును గంఠతా వచ్చును. వారి నెవ్వరును అడుగరు.

తోడికోడలు తిరిగి వెళ్లకముందు ఇరువురమును అరుగుపై గూర్చుండి పిండిమరను, రామాలయమును, మా సందును తెలుగులో జేర్చితిమి. చెట్టును సైతము చుక్కగా గుర్తింపవచ్చునట, రావిచెట్టును విడువలేదు. ఒంటరిగా నుండు స్త్రీల యిండ్లను, వారి పేర్లను మాత్రము వ్రాయరాదు. దానిని లోకమెల్ల జూచును. 2022 ఏప్రిలు 4వ తేదీనుండి మన యీ రెండూళ్లును ఎన్.టి.ఆర్. జిల్లాలోనివి. మా యత్తగారు దగ్గఱ కూర్చుండి “కృష్ణాజిల్లా అని రాయండి” అనుచునే యున్నారు.

మున్నేటి నీరు మొదట నెక్కు చోటెక్కడనని మా పాలామె నడిగితిమి. ఆదివారము వెంటబెట్టుకొని పోయి చూపెదనన్నది.