మీది ఏ ఊరండీ?

పరాయి దేశంలో ఇద్దరు తెలుగువాళ్ళు ఎదురుపడితే మొదటి ప్రశ్న ఇదే. రెండోది "ఏ కాలేజీ?" మూడో ప్రశ్నకల్లా "అయితే మా తోడల్లుడు మీకు తెలిసే ఉంటాడే!" అని తేలుతుంది. మనం సరదాగా ఆడే ఈ ఆట వెనక ఒక శాస్త్రమే ఉంది. దాన్ని నెట్‌వర్క్ శాస్త్రం అంటారు. మనుషులు ముడులు, పరిచయాలు పోగులు అనుకుంటే సమాజం ఒక పెద్ద వల. ఆ అల్లికను లెక్క కట్టడమే దీని పని.

1969లో ట్రావర్స్, మిల్‌గ్రామ్ అనే ఇద్దరు ఒక ప్రయోగం ప్రకటించారు. బోస్టన్ ప్రాంతంలోని ఒక షేర్ల వ్యాపారికి, తెలిసినవారి ద్వారా మాత్రమే, ఒక పత్రం చేరవేయమని 296 మందిని కోరారు. 64 చేరాయి. చేరినవాటికి మధ్యవర్తులు సగటున అయిదుగురే! 1998లో వాట్స్, స్ట్రోగాట్స్ దీనికి గణితం చూపారు. ఎవరి గుంపులో వాళ్ళున్నా సరే, గుంపు దాటిపోయే పోగులు కొన్ని ఉంటే చాలు, లోకం చిన్నదైపోతుంది. 302 నాడీకణాలున్న ఒక పురుగులోనూ, పశ్చిమ అమెరికా కరెంటు తీగల్లోనూ వారికి ఇదే అల్లిక కనిపించింది.

గుంపు దాటిన పోగు విలువ ఎంతో గ్రానొవెటర్ 1974లో చూపాడు. తెలిసినవారి ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళను అడిగితే, ఆ మనిషిని తరచుగా కలిసేవాళ్ళం అన్నది నూటికి సుమారు 17 మందే. తక్కినవాళ్ళు అప్పుడప్పుడో, అరుదుగానో కలిసేవారట.

ఇది నాకు అనుభవమే. పరీక్షలు పాసై రెసిడెన్సీ కోసం తిరిగిన రోజుల్లో నా మిత్రులంతా మా క్లాసువాళ్ళే. నాకు తెలిసిందే వాళ్ళకూ తెలుసు. చివరికి ఒక సీటు ఖాళీ అయిందని చెప్పింది, మేడమీద అద్దెకుండే గ్రీకు పెద్దాయన. మెట్ల మీద నమస్కారం తప్ప మా మధ్య మాటలే లేవు.

వార్త నడిచే దారినే అంటువ్యాధీ నడుస్తుంది. 1966 డిసెంబరులో తూర్పు నైజీరియాలో మశూచి వచ్చినప్పుడు, అందరికీ వేయడానికి టీకామందు చాలలేదు. డాక్టర్ ఫేగీ బృందం రోగులు ఎవరిని కలిశారు, ఆ ఇళ్ళవాళ్ళు ఏ సంతకు వెళతారు అని విచారించి, ముందు అక్కడ టీకాలు వేసింది. వ్యాధి ఆగింది. వెతికి చుట్టూ టీకాలు వేసే ఆ పద్ధతే మన దేశంలోనూ పనిచేసింది. 1975 మే తరువాత అక్కడ మశూచి లేదు.

2009లో హార్వర్డ్ విద్యార్థుల్లో మరో చిత్రం బయటపడింది. చీటీ తీసినట్లు ఎంచిన విద్యార్థులకంటే, వారు చెప్పిన స్నేహితులకు ఫ్లూ సుమారు రెండు వారాలు ముందే వచ్చింది. కారణం తేలికే. పరిచయాలు ఎక్కువున్న మనిషినే నలుగురూ స్నేహితుడని చెబుతారు. జబ్బూ ముందు ఆ గుమ్మమే తొక్కుతుంది.

ఇక మన సంగతి. మన ఉగాది విందులో గుంటూరు వారిది ఒక బల్ల, విశాఖ వారిది ఒక బల్ల. కొత్తగా వచ్చిన కుర్రాడు గోడవార నిలబడి పులిహోర తింటుంటాడు. హెచ్-1బి మీద వచ్చినవాడికి ఉద్యోగం పోతే, మరొకటి వెతుక్కోవడానికి గడువు 60 రోజులకు మించదు. ఆ వేళ అతనికి కావలసిన వార్త, అతని స్నేహితుల దగ్గర లేనిది, మీ బల్ల దగ్గర ఉండవచ్చు.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్నారు పెద్దలు. ఈసారి మీ ప్లేటు పట్టుకుని పక్క బల్లకు వెళ్ళండి. ఏమడగాలో మీకు తెలుసు.