చీర ఇచ్చి అడగరాదా?

సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు వింటే నాకో చీర గుర్తొస్తుంది. విజయావారి ‘జగదేకవీరుని కథ’ (1961)లో దేవకన్య చీర! దర్శకుడు కె.వి. రెడ్డి, మాటలు పింగళి.

తండ్రి వెళ్లగొట్టిన యువరాజు ప్రతాప్ (ఎన్.టి. రామారావు). ఇంద్రకుమారి జయంతి (బి. సరోజాదేవి) చీర దాచేసి, ఆమెను పెళ్లాడతాడు. జగిత్యాలలో కాలేజీ రోజుల్లో ఆ సీనుకు టీవీ ముందు ఈలలు వేసినవాణ్ణే!

మొన్న కోరుట్లలో మా అక్క కూతురు పక్కన కూర్చుని మళ్లీ చూశాను.

“మామా, చీర దాస్తే అది ప్రేమెట్లయితది?” అంది.

నోట మాట రాలేదు. తెరమీద జయంతికి చీర దొరికింది, దేవలోకం చేరింది. అయినా ప్రతాప్ కోసమే బెంగ! “చూశావా, ఇదీ ప్రేమ” అన్నాను హుషారుగా.

“గట్లయితే చీర ముందే ఇచ్చి అడగరాదా?”

పాఠకులారా, ఈసారి ఈల నేను ఆ పిల్లకే వేశాను!