పుట తిప్పితే... పాట!

పాట విని పుస్తకం రాసినవాళ్లున్నారు. ఆ పుస్తకం చదివి మళ్లీ సంగీతం కట్టినవాళ్లున్నారు. పుస్తకంలో వినిపించిన సంగీతం కోసం దుకాణాల మీద పడినవాళ్లూ ఉన్నారు. ఒక చేతిలో నవల, చెవుల్లో హెడ్‌ఫోన్లు... రెండూ ఉంటే తప్ప ఆదివారం గడవని సంగీతాభిమానుల అల్మరాలోకి తొంగిచూస్తే ఎన్ని ముచ్చట్లో!

2009 మే నెలాఖరు. జపాన్‌లో పుస్తకాల షాపులన్నీ కిటకిటలాడిపోతున్నాయి. హరుకి మురకామి కొత్త నవల '1క్యూ84' వచ్చింది మరి! నెల తిరక్కుండానే పది లక్షల కాపీలు అమ్ముడయ్యాయి. అక్కడితో ఆగితే అది మామూలు బెస్ట్‌సెల్లర్ కథే. కానీ నవల కొన్నవాళ్లు అటునుంచి అటే సీడీల షాపులకు వెళ్లడం మొదలుపెట్టారు. ఎందుకంటే... కథ మొదలయ్యేసరికి హీరోయిన్ అఒమమె టోక్యోలో ఓ టాక్సీలో కూర్చుని ఉంటుంది. ఎక్స్‌ప్రెస్‌వే మీద ట్రాఫిక్ జామ్. టాక్సీ రేడియోలో ఓ సంగీతం వస్తుంటుంది. చెక్ దేశస్థుడు లియోష్ యానచెక్ 1926లో కూర్చిన 'సిన్ఫొనియెట్టా' అది. ఎనభై ఏళ్లకు పైబడిన సంగీతం. అప్పటిదాకా జపాన్‌లో శాస్త్రీయ సంగీతం తెలిసినవాళ్లు మాత్రమే వినే ఆ రికార్డు, నవల పుణ్యమా అని వేలల్లో అమ్ముడుపోయింది.

2013లో మళ్లీ అదే వరస. మురకామి మరో నవల 'కలర్‌లెస్ సుకురు తజాకి'లో లిస్ట్ అనే స్వరకర్త పియానో సంగీతం కథకు ప్రాణం. లాజర్ బెర్మన్ అనే రష్యన్ కళాకారుడు వాయించిన రికార్డు పేరు సైతం అందులో ఉంటుంది. తీరా చూస్తే, జపాన్ మార్కెట్లో ఆ రికార్డే లేదు! పాఠకుల తాకిడి చూసి సంగీతం కంపెనీ దాన్ని మళ్లీ ముద్రించాల్సొచ్చింది.

ఇంతకీ ఈ మురకామి ఎవరనుకున్నారు? రచయిత కాకముందు టోక్యోలో జాజ్ కేఫ్ నడిపిన మనిషి. కస్టమర్లకు కాఫీతోపాటు రికార్డులూ వడ్డించినవాడు. 1987లో ఆయనకు ఎనలేని పేరు తెచ్చిన నవల 'నార్వేజియన్ వుడ్' పేరు కూడా బీటిల్స్ పాటదే. 1965లో వచ్చిన ఆ పాటకు మనదేశంతో చుట్టరికం ఉంది. అందులో జార్జ్ హారిసన్ సితార్ వాయించాడు. ఆ తర్వాత ఏడాదికే రవిశంకర్‌కు శిష్యుడయ్యాడు!

ఒక సొనాటా... ఒక హత్య... ఒక జవాబు

సంగీతం నవలలోకీ, నవల సంగీతంలోకీ ఎలా ప్రవహిస్తాయో తెలియాలంటే రెండు శతాబ్దాలు వెనక్కి వెళ్లాలి.

1803లో బీథోవెన్ వయొలిన్, పియానోలకు కలిపి ఓ సొనాటా కూర్చాడు. వియన్నాలో దాన్ని మొదటిసారి ఆయనతో కలిసి వాయించిన వయొలిన్ కళాకారుడు జార్జ్ బ్రిడ్జ్‌టవర్. ఆఫ్రికా మూలాలున్నవాడు. తర్వాత ఇద్దరికీ చెడింది. దాంతో బీథోవెన్ ఆ రచనను క్రాయిట్సర్ అనే మరో విద్వాంసుడికి అంకితమిచ్చేశాడు. తమాషా ఏంటంటే, ఆ క్రాయిట్సర్ దాన్ని ఎన్నడూ వేదిక మీద వాయించనేలేదు. పేరు మాత్రం 'క్రాయిట్సర్ సొనాటా'గా ఆయనదే మిగిలింది!

1889లో టాల్‌స్టాయ్ అదే పేరుతో పెద్ద కథ రాశాడు. రైల్లో ఒక భర్త తోటి ప్రయాణికుడికి తన గోడు చెబుతుంటాడు. భార్య పియానో వాయిస్తుంది. ఇంటికొచ్చిన వయొలిన్ కళాకారుడితో కలిసి ఆ సొనాటా వాయిస్తుంది. ఆ జోడీని చూసిన భర్త మనసులో అనుమానం పుడుతుంది. అది పెనుభూతమై చివరికి ఆమెను పొడిచి చంపేస్తాడు. కోర్టు అతణ్ని వదిలేస్తుంది. కథంతా చెప్పేది భర్తే. ఆమె మనసులో ఏముందో ఆమె నోట మనకు వినిపించదు.

రష్యాలో ఆ కథను సెన్సార్ ఆపేసింది. అప్పుడు జార్ చక్రవర్తి దగ్గరికి వెళ్లి, దాన్ని అచ్చువేసుకోనివ్వమని బతిమాలింది ఎవరో తెలుసా? టాల్‌స్టాయ్ భార్య సోఫియా! 1891లో ఆమె అడిగాకే సంపుటాల్లో వేసుకోవడానికి అనుమతి దొరికింది. నిజానికి ఆ కథ చదివి ఆమె చాలా నొచ్చుకుంది. లోకమంతా అది తమ కాపురం గురించే అనుకుంటుందని కుమిలిపోయింది. భార్య వైపు నుంచి తానే ఓ కథ రాసింది. కానీ ఆమె బతికుండగా అది అచ్చుకాలేదు.

మరి కథలోని ఆ భార్య తరఫున మాట్లాడేదెవరు? ఒక సంగీతకారుడు మాట్లాడాడు. 1923లో యానచెక్, డెబ్భైకి చేరువైన వయసులో, టాల్‌స్టాయ్ కథ పేరుతోనే నాలుగు తీగవాద్యాలకు సంగీతం కూర్చాడు. పదిరోజుల్లోపే పూర్తిచేశాడు. హింసలు పడి చనిపోయిన ఆ అభాగ్యురాలే తన మనసులో ఉందని చెప్పుకున్నాడు. కథలో నోరు లేని ఆమె, ఆ పదిహేడు పద్దెనిమిది నిమిషాల సంగీతంలో ఏడుస్తుంది, తిరగబడుతుంది, అడుగుతుంది.

ఇప్పుడు మళ్లీ ఆ టోక్యో టాక్సీ దగ్గరికి రండి. అందులో కూర్చుని యానచెక్ సంగీతం వింటున్న అఒమమె ఎవరనుకున్నారు? భార్యలను చావబాదే మగాళ్లను వెతికి మరీ శిక్షించే మనిషి! మురకామి కావాలని కలిపాడో కాకతాళీయమో కానీ, 1803లో మొదలైన రాగం 2009లో ఎక్కడ తేలిందో చూశారా!

పియానో ఉంది... వినికిడే లేదు

విక్రమ్ సేథ్ అనగానే 1993 నాటి 'ఎ సూటబుల్ బాయ్' గుర్తొస్తుంది. పెళ్లికొడుకు వేటగా సాగే ఆ భారీ నవలలో ఉస్తాద్ మజీద్ ఖాన్ అనే గాయకుడు, సయీదా బాయి అనే గజల్ గాయని కథను వెంటాడుతూనే ఉంటారు. కానీ సేథ్ పూర్తిగా సంగీతం మీదే రాసిన నవల 1999లో వచ్చిన 'యాన్ ఈక్వల్ మ్యూజిక్'.

లండన్‌లో మైకేల్ వయొలిన్ వాయిస్తాడు. ఒకప్పుడు వియన్నాలో ప్రేమించి పోగొట్టుకున్న జూలియా పదేళ్ల తర్వాత కనిపిస్తుంది. ఆమె పియానో కళాకారిణి. ఇద్దరూ మళ్లీ కలిసి వాయిస్తారు. ఒకే ఒక్క చిక్కు... ఆమెకు వినికిడి పోతోంది. తోటి కళాకారుల విల్లు కదలికలు చూసి, లెక్క కట్టుకుని వాయిస్తోంది. ఆ సంగతి బయటపడితే ఆమె బతుకుదెరువే పోతుంది. ప్రేమించినవాడు ఆ రహస్యం దాచగలడా? కథంతా ఈ నరాల మీది నడకే.

నవలలో మైకేల్ ఒక అరుదైన బీథోవెన్ రచన కోసం షాపులన్నీ గాలిస్తాడు. చదువుతున్నవాళ్లకూ అదెలా ఉంటుందో వినాలనిపిస్తుంది కదా! అందుకే నవలలో వచ్చే సంగీతంతో డెక్కా కంపెనీ ఓ ఆల్బమే తెచ్చింది. పుస్తకానికి సినిమా రావడం మామూలే, పాత్రలు వాయించిన సంగీతమంతా ఒకచోట దొరకడం మాత్రం అరుదు.

గొంతు గొప్పదే... మనిషో?

పాశ్చాత్య సంగీతం సరే, మన రాగాల సంగతేంటి? పొరుగునే ఉన్నాయి మంచి నవలలు. కన్నడ రచయిత ఎస్.ఎల్.భైరప్ప 2002లో రాసిన 'మంద్ర' అలాంటిదే. అట్టడుగు స్థాయి స్వరాలకు మనం వాడే మాటే నవలకు పేరు. కథానాయకుడు మోహన్‌లాల్ హిందుస్థానీ గాయకుడు. పాడితే సభలు మైమరచిపోతాయి. పాట ఆపాక మాత్రం ఆ మనిషి చుట్టూ ఉన్న ఆడవాళ్ల జీవితాలు అతలాకుతలం అవుతుంటాయి. గొప్ప కళాకారుడైతే తప్పులన్నీ మాఫీయేనా? భైరప్ప ఆ ప్రశ్నను పాఠకుడి ఒళ్లో పడేసి ఊరుకుంటారు. ఆ నవలకు 2010 సంవత్సరపు సరస్వతీ సమ్మాన్ దక్కింది. 2025 సెప్టెంబరులో ఆయన కన్నుమూసినప్పుడు పాఠకులు తలచుకున్న పుస్తకాల్లో అదీ ఒకటి.

తమిళంలో టి.జానకిరామన్ రాసిన 'మోహముళ్' కుంభకోణం వీధుల్లో నడుస్తుంది. తనకన్నా పెద్దదైన యమునను ప్రేమించే బాబు, అతనికి సంగీతం నేర్పే గురువు రంగన్న... ఆ కావేరీ తీరంలో త్యాగరాజు సంగీతమే ఊపిరి. అంటే, తమిళ నవలలో తెలుగు కీర్తనల సువాసన అన్నమాట! 1995లో సినిమాగా వచ్చినప్పుడు ఇళయరాజా సంగీతమిచ్చారు.

ఇక బెంగాలీ మూలాలున్న ఆంగ్ల రచయిత అమిత్ చౌధురి నవలలూ రాస్తారు, ఖయాల్ కూడా పాడతారు. ఆయన తొలినాటి నవల పేరే 'ఆఫ్టర్‌నూన్ రాగ్'. రాగం ఎలా లోపలికి దిగుతుందో చెబుతూ 2021లో ఆయన తెచ్చిన 'ఫైండింగ్ ద రాగా' నవల కాకపోయినా నవలలా చదివిస్తుంది.

వాయిస్తే నేరం!

సంగీతం వినడమే నేరమైతే? చైనాలో 1966 నుంచి 1976 దాకా సాగిన సాంస్కృతిక విప్లవంలో అదే జరిగింది. బాక్, బీథోవెన్ 'శత్రువుల సంగీతం' అయిపోయారు. షాంఘై సంగీత కళాశాలలో గురువులను విద్యార్థులే అవమానించారు. ప్రాణాలు తీసుకున్నవాళ్లూ ఉన్నారు. కెనడా రచయిత్రి మెడలిన్ థియన్ ఆ చీకటి రోజులనే 2016లో 'డు నాట్ సే వుయ్ హావ్ నథింగ్' నవలగా మలిచింది. స్వరకర్త స్పారో, పియానో వాయించే కై, వయొలిన్ అమ్మాయి జూలీ... ఈ ముగ్గురూ కళ్లముందే చితికిపోతుంటే పుస్తకం పక్కన పెట్టలేం. బుకర్ తుది జాబితాలో నిలిచిన ఈ నవలకు కెనడాలో గిల్లర్ బహుమతి వచ్చింది.

ఆ కథకు నేపథ్య సంగీతం లాంటిది బాక్ కూర్చిన 'గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్'. గ్లెన్ గూల్డ్ 1955లో వాయించిన రికార్డు 38 నిమిషాలకే అయిపోతుంది. అదే గూల్డ్ 1981లో మళ్లీ వాయిస్తే 51 నిమిషాలు పట్టింది. ఒకే సంగీతం... యవ్వనంలో పరుగు, వయసు మీదపడ్డాక నడక! ఇప్పటి తరంలో ఐస్‌లాండ్ పియానిస్ట్ వికింగుర్ ఓలఫ్‌సన్ 2023లో తన రికార్డు తెచ్చాడు. 2025లో గ్రామీ గెలిచింది. నవల చదువుతూ ఈ మూడింటినీ పోల్చి వినడం అభిమానులకు పండగే.

లేని బృందం... ఉన్న ఆల్బమ్!

టేలర్ జెంకిన్స్ రీడ్ 2019లో రాసిన 'డైసీ జోన్స్ అండ్ ద సిక్స్' చదివి, ఆ రాక్ బృందం నిజంగానే ఉందేమోనని ఇంటర్నెట్‌లో వెతికినవాళ్లు ఎందరో! ఇంటర్వ్యూల రూపంలో సాగే కథ మరి. 2023లో అది వెబ్ సిరీస్‌గా వచ్చినప్పుడు, నవలలోని 'అరోరా' ఆల్బమ్‌ను నిజంగానే తయారుచేసి విడుదల చేశారు. పాడిన రైలీ కీయో ఎవరో కాదు, ఎల్విస్ ప్రెస్లీ మనవరాలు!

సల్మాన్ రష్దీ 1999 నవల 'ద గ్రౌండ్ బినీత్ హర్ ఫీట్'దీ ఇలాంటి కథే. ముంబయిలో మొదలయ్యే ఆ రాక్ ప్రేమకథలో రష్దీ రాసిన గీతానికి యూ2 బృందం బాణీ కట్టింది. 2000లో ఓ సినిమా ద్వారా పాట విడుదలైంది.

పూర్తిగా విన్నదెప్పుడు?

ఈ ముచ్చట్ల వెనక అసలు సంగతి ఒకటుంది. ఒకప్పుడు ఆల్బమ్ అంటే మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఒక వరస. క్యాసెట్ ఎ వైపు అయిపోతే లేచి బి వైపు తిప్పేవాళ్లం. ఇప్పుడు పల్లవి పూర్తికాకముందే వేలు తర్వాతి పాట మీదికి పోతోంది. రీళ్లలో పాట బతికేది అర నిమిషమే. ఇలాంటి రోజుల్లో నలభై, యాభై నిమిషాల సంగీతం ముందు మనిషిని కదలకుండా కూర్చోబెట్టగలిగేది ఏదైనా ఉందంటే... అది మంచి కథే. జూలియాకు ఏమైందో తెలిశాక ఆమె వాయించిన సంగీతాన్ని మధ్యలో ఎలా ఆపుతారు?

ఈ ఆదివారం మొదలుపెట్టాలంటే...

* చదవడానికి 'నార్వేజియన్ వుడ్'. వినడానికి రవిశంకర్ కూతురు అనూష్కా శంకర్ 2023, 24, 25లలో వరసగా తెచ్చిన 'చాప్టర్' ఆల్బమ్‌లు మూడు. సితార్ ఎక్కడి నుంచి ఎక్కడికొచ్చిందో తెలుస్తుంది.

* చదవడానికి 'ఫైండింగ్ ద రాగా'. వినడానికి శక్తి బృందం 2023 ఆల్బమ్ 'దిస్ మూమెంట్'. 2024లో గ్రామీ గెలుచుకుంది. ఆ ఏడాది డిసెంబరులోనే వెళ్లిపోయిన జాకిర్ హుస్సేన్ తబలా ఇందులో మరీ దగ్గరగా వినిపిస్తుంది.

* చదవడానికి టాల్‌స్టాయ్ 'క్రాయిట్సర్ సొనాటా'. వినడానికి ముందు బీథోవెన్, తర్వాత యానచెక్. పెద్దవాళ్లకే సుమా, కథ బరువైనది!

* ఇంట్లో కాలేజీ పిల్లలుంటే 'డైసీ జోన్స్', పక్కన 'అరోరా'. పుస్తకం ముట్టని పిల్లలు పాటల కోసమైనా పుట తిప్పుతారు.

ఇవేవీ కొనక్కర్లేదు, సంగీతమైతే ఫోన్లోనే దొరుకుతుంది. కావాల్సిందల్లా ఓ గంట తీరిక, నోటిఫికేషన్లు ఆపేసే ఓపిక. తర్వాతి పాట మీదికి పోయే ఆ వేలితోనే ఓ పుట తిప్పి చూడండి మరి!