తాతకి తాత ఎవరు? ఓడ చిట్టాని అడగండి!

మీ తాతగారి పేరు టక్కున చెప్పేస్తారు. ఆయన తండ్రి పేరు కాస్త ఆలోచిస్తే గుర్తొస్తుంది. మరి ఆయనకి తాత? అమలాపురమైనా, రాజోలైనా చాలా ఇళ్లలో ఇక్కడే 'ఏమో!' అనేస్తారు.

అమెరికాలో మాత్రం 'మా పూర్వీకుడు 1620లో మేఫ్లవర్ ఓడెక్కి వచ్చాడు' అని కాగితాలతో నిరూపించేవాళ్లకి ఏకంగా ఓ సంఘమే ఉంది. దాన్ని 1897లో పెట్టారు. చర్చి రిజిస్టర్లు, వీలునామాలు, 1790 నుంచి పదేళ్లకోసారి జరిగే జనగణన... ఇవన్నీ వాళ్లకి ఆధారాలు. అక్కడ 72 ఏళ్లు నిండిన జనగణన పత్రాలను పేర్లతో సహా బయటపెడతారు. 1950 నాటివి 2022లో వచ్చేశాయి. మన దగ్గరేమో జనగణనలో చెప్పిన వ్యక్తిగత వివరాలు చట్టప్రకారం రహస్యం.

అలాగని అమెరికాలోనూ అందరికీ ఆ అదృష్టం లేదు. 1850, 1860 జనగణనల్లో బానిసలకి వేరే పట్టికలు పెట్టారు. వాటిలో యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు రాశారు తప్ప, దాదాపు ఎవరి పేరూ రాయలేదు. అందుకే ఎన్నో నల్లజాతి కుటుంబాల అన్వేషణ 1870 దగ్గర గోడ తగిలినట్టు ఆగిపోతుంది. వంశాలన్నీ పాతవే. ఎవరి పేరు కాగితానికెక్కింది అన్నదే తేడా.

మన పేర్లు ఎవరు రాశారు?

కోనసీమలోనూ అంతే. భూమి ఉన్నవాళ్లకి దస్తావేజులున్నాయి, సర్వే రిజిస్టర్లున్నాయి. కొన్ని కులాలకి గోత్రాలు, వంశాలు అప్పజెప్పే పిచ్చికుంట్లవాళ్లు, భట్రాజులు ఉండేవాళ్లు. మరి సెంటు భూమి కూడా లేని పాలేరు, కూలీ, పల్లెకారు సంగతి? వాళ్ల జాడ ఉన్న కాగితాలు ఊళ్లో కంటే సముద్రం అవతలే ఎక్కువగా దొరికే అవకాశం ఉంది.

బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దుకి 1833లో చట్టం వచ్చింది. చెరకు తోటల యజమానులు కూలీల కోసం మన తీరం వైపు చూశారు. గౌతమి దాటితే యానాం, ఆ పక్కనే కోరంగి రేవు. 1832-33లో నందన కరువు, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన... బతుకుతెరువు వెతుక్కుంటూ జనం ఓడలెక్కారు. మారిషస్‌లోనూ బర్మాలోనూ తెలుగువాళ్లకి 'కోరంగీలు' అన్న పేరు ఈ రేవు వల్లే వచ్చింది.

మారిషస్‌కి 1834 నుంచి 1920 లోపు దాదాపు 5 లక్షల మంది వెళ్లారు. దక్షిణాఫ్రికాలోని నటాల్‌కి 1860-1911 మధ్య 1.52 లక్షల మంది, ఫిజీకి 1879-1916 మధ్య 60 వేల మంది. ఇవి మొత్తం భారతీయుల లెక్కలు. అందులో తెలుగువాళ్లు గణనీయంగానే ఉన్నారు.

మచ్చతో సహా...

నటాల్ ఓడ చిట్టా తెరిస్తే ఒక్కో మనిషికీ ఒక నంబరు ఉంటుంది. ఆ పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, తాలూకా, జిల్లా, ఎత్తు, ఒంటిమీద పుట్టుమచ్చలు. మారిషస్‌లోనైతే 1860ల నుంచి ఫొటోలు కూడా తీశారు. ఆ రికార్డులు అక్కడి మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి.

గౌరవంతో రాసినవి కావివి. తోట నుంచి పారిపోతే పట్టుకోవడానికి పనికొచ్చే గుర్తులు. అయినా సొంత ఊళ్లో ఏ దస్తావేజులోనూ కనిపించని మనిషి, ఊరొదిలి పోతుంటే ఎత్తు కొలిచి మరీ కాగితానికెక్కాడు. ఇవాళ మునిమనవలకి అదే దిక్కు.

వెతికేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి

- ఇంటిపేరు మీద ఆశ పెట్టుకోవద్దు. చాలాచోట్ల రాసుకున్నది మనిషి పేరు, తండ్రి పేరే. ఆ తండ్రి పేరే తర్వాతి తరాలకి ఇంటిపేరైపోయింది.

- గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు. కాకినాడ 'కోకనాడ' అయింది. పేరుని నాలుగైదు రకాల స్పెల్లింగులతో వెతకండి.

- 'కోనసీమ జిల్లా' అని వెతికితే ఏమీ దొరకదు. అది 2022లో వచ్చింది. 1859కి ముందైతే రాజమండ్రి జిల్లా, ఆ తర్వాత గోదావరి జిల్లా. నేటి రాజోలు ప్రాంతం అప్పట్లో నగరం తాలూకా.

- 'కొత్తపేట' కనిపించగానే సంబరపడొద్దు. ఆ పేరుతో ఊళ్లు బోలెడు. తాలూకా కూడా కలిస్తేనే మన కొత్తపేట.

సగం కాగితం వాళ్ల దగ్గర, సగం మన దగ్గర

మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు. దక్షిణాఫ్రికాలో ఆంధ్ర మహాసభ 1931 నుంచీ ఉంది. అక్కడివాళ్ల చేతిలో ఓడ నంబరు, తండ్రి పేరు, ఊరి పేరు ఉన్నాయి. కానీ ఆ తండ్రికి మిగతా పిల్లలెవరు? ఇంటిపేరేంటి? ఇది చెప్పాల్సింది ఈ ఊళ్లోవాళ్లే. వాళ్లు వెతుక్కుంటూ వచ్చేసరికి చెప్పేవాళ్లుండాలిగా!

బర్మా వెళ్లినవాళ్ల విషయం ఇంకా కష్టం. 'రంగం' పోయినవాళ్లలో ఎక్కువమంది మేస్త్రీల వెంట వెళ్లారు. వాళ్లకి ఇలా మనిషి మనిషికీ రాసిన చిట్టాలు లేవు. పెద్దవాళ్ల జ్ఞాపకమే రికార్డు.

కాబట్టి ఈసారి ఊరెళ్లినప్పుడు ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి అమ్మమ్మనీ, నానమ్మనీ మూడు ప్రశ్నలడగండి. వాళ్ల పుట్టింటి ఇంటిపేరేంటి, వాళ్లమ్మ పుట్టింటిదేంటి, మన ఇంట్లోంచి ఓడెక్కి తిరిగి రానివాళ్లెవరు? ఆడవాళ్ల పుట్టింటి పేర్లే మన వంశవృక్షాల్లో ముందు రాలిపోయే కొమ్మలు. చెప్పిన పేర్లు, ఊళ్లు, తేదీతో సహా రాసి ఇంట్లో అందరికీ వాట్సాప్‌లో పంపేయండి. ఓడ చిట్టా ఇంకో వందేళ్లయినా ఆర్కైవ్‌లో భద్రంగా ఉంటుంది. అమ్మమ్మ జ్ఞాపకానికి ఆ భరోసా లేదు.