కొడుకు పేరిట ఒక తండ్రి

గొల్లపూడి మారుతీరావు గారి పేరు చెప్పగానే ఒక్కొక్కరికి ఒక్కొక్క మనిషి గుర్తుకొస్తాడు. మా ఇంట్లోనే చూడండి. మా అమ్మగారికి ఆయన సినిమాలో విలను. తెరమీద కనిపించగానే “వచ్చాడమ్మా, ఇక కొంప కూలినట్టే” అనేవారు. నాన్నగారికి ఆయన రేడియో నాటకాల రచయిత. మా అక్కయ్యకు టీవీలో కథల గురించి తీరిగ్గా మాట్లాడే పెద్దమనిషి. నాకు మాత్రం ఆయన పేరు వింటే ఆగస్టు 12 గుర్తుకొస్తుంది. ఎందుకో చెప్పాలంటే ముందు ఆయన నడిచి వచ్చిన దారి కొంచెం చెప్పాలి.

మారుతీరావు గారు 1939 ఏప్రిల్ 14న విజయనగరంలో పుట్టారు. పెరిగింది, చదువుకున్నది విశాఖపట్నంలో. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివింది గణిత భౌతికశాస్త్రం. మనసు మాత్రం నాటకాల మీద, కథల మీద ఉండేది. పద్నాలుగు పదిహేనేళ్ళ వయసులోనే ఆయన కథ అచ్చయింది. చదువయ్యాక 1959లో ఆంధ్రప్రభలో ఉపసంపాదకుడిగా చేరారు. తరువాత ఆకాశవాణి. ఆ ఉద్యోగం ఆయన్ను హైదరాబాదు, విజయవాడ, ఒరిస్సాలోని సంబల్పూరు, కడప ఇలా ఊళ్ళు తిప్పింది.

ఆ తొలి రోజుల్లోనే జరిగిన ఒక సంగతి చెప్పుకోదగ్గది. 1962లో చైనా మన మీదికి దండెత్తినప్పుడు ఆ యుద్ధం ఇతివృత్తంగా ఆయన ‘వందేమాతరం’ అనే నాటకం రాశారు. చిత్తూరు ప్రాంతంలో దాన్ని ప్రదర్శించి, వచ్చిన సొమ్మును ప్రధానమంత్రి రక్షణ నిధికి పంపారు. అప్పటికి ఆయనది చిన్న జీతం, చిన్న వయసు. ఉన్నవాడు ఇవ్వడం ఒక ఎత్తు. చేతిలో ఉన్న విద్యనే దానంగా మలచడం ఇంకొక ఎత్తు. ఈ రెండో రకం దానం ఆయనకు మొదటినుంచీ తెలుసు.

సినిమాలోకి ఆయన ముందు కలంతోనే వచ్చారు. కోడూరి కౌసల్యాదేవి గారి ‘చక్రభ్రమణం’ నవలను ‘డాక్టర్ చక్రవర్తి’ (1964) సినిమాకు అనువుగా మలచడంలో ఆయన పాలు ఉంది. కె. విశ్వనాథ్ గారు మొదటిసారి దర్శకత్వం వహించిన ‘ఆత్మగౌరవం’ రచనలోనూ ఆయన చెయ్యి ఉంది. ఒక దర్శకుడి తొలి సినిమాకు రచయితగా నిలబడడం అన్నమాట. ఈ మాట గుర్తుంచుకోండి, తరువాత పనికొస్తుంది.

ముఖానికి రంగు వేసుకుని సినిమా తెరమీదికి వచ్చేసరికి ఆయనకు నలభై దాటాయి. 1982లో ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’ వచ్చింది. చిరంజీవి, మాధవి ప్రధాన పాత్రలు. కోడి రామకృష్ణ గారికి దర్శకుడిగా అదే మొదటి చిత్రం. అందులో సుబ్బారావు వేషం వేసిన మారుతీరావు గారికీ నటుడిగా అదే మొదటి చిత్రం. పైకి పెద్దమనిషి, లోపల పాము. అరుపులు, కత్తులు లేకుండా నవ్వుతూ మాట్లాడే ఆ విలనిజం మనకు అప్పటికి కొత్త. ఇక అక్కడినుంచి ఆయన వెనుదిరిగి చూడలేదు. విలను, తండ్రి, లాయరు, లంచగొండి, అమాయకుడు అన్నీ కలిపి రెండువందల యాభైకి పైగా వేషాలు వేశారు.

మా ఇంట్లో అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకునే వేషం మాత్రం ఒక్కటే. 1987లో ఏవీఎం వారు తీసిన ‘సంసారం ఒక చదరంగం’లో తండ్రి అప్పలనరసయ్య. తమిళంలో విసు గారు రాసి, నటించి, దర్శకత్వం వహించిన ‘సంసారం అదు మిన్సారం’ దానికి మూలం. రెండూ చూసినవాళ్ళం మేము. పక్కింటి తమిళులతో ఎవరి నాన్న గొప్ప అని వాదించుకున్నవాళ్ళం కూడా. ఇంట్లో కొడుకుతో మాట పడలేక ఇంటినే రెండుగా చీల్చుకున్న ఆ తండ్రి ముఖంలో కోపం కంటే దిగులు ఎక్కువ కనిపిస్తుంది.

ఆయన రాసిన నాటకాల్లో ‘కళ్ళు’ మకుటాయమానం. గుడ్డివాళ్ళయిన బిచ్చగాళ్ళ కథ అది. ఒకడికి చూపు వస్తే తక్కినవాళ్ళ గతేమిటి, చూపు వచ్చినవాడి గుణమేమిటి అన్నది దాని సారం. ఊరూరా ఆడిన ఆ నాటకాన్ని 1988లో ఎం.వి. రఘు గారు సినిమాగా తీశారు. ఛాయాగ్రాహకుడైన రఘు గారికి దర్శకుడిగా అదే తొలి చిత్రం. చూశారా, మళ్ళీ మొదటి సినిమానే!

బుల్లితెర వచ్చాక ఆయన ఇల్లిల్లూ చేరారు. సీరియళ్ళలో నటించారు. ‘ప్రజావేదిక’, ‘మనసున మనసై’ వంటి కార్యక్రమాలు నిర్వహించారు. హెచ్.ఎం.టి.వి.లో వచ్చిన ‘వందేళ్ళ కథకు వందనాలు’ అయితే మన పిల్లలకు చూపించదగ్గది. తెలుగు కథ పుట్టి నూరేళ్ళయిన సందర్భంలో పాత తరం, కొత్త తరం కథకులను ఒక్కొక్కరినీ వరసగా పరిచయం చేశారు. తాను రచయిత అయివుండి ఇతరుల కథలను మెచ్చుకోవడానికి అంత సమయం వెచ్చించడం సులువు కాదు.

ఇప్పుడు ఇంటి సంగతి. 1961లో శివకామసుందరి గారితో ఆయనకు వివాహమైంది. ముగ్గురు కొడుకులు. తెలుగు చిత్రసీమ క్రమంగా హైదరాబాదుకు తరలిపోయినా ఈ కుటుంబం మద్రాసును వదల్లేదు. మూడో అబ్బాయి శ్రీనివాస్‌కు దర్శకుడు కావాలని కోరిక. 1992లో ఆ కోరిక తీరే ఘడియ వచ్చింది. సినిమా పేరు ‘ప్రేమ పుస్తకం’. హీరోగా అజిత్ అనే కొత్త కుర్రాడు. తరువాత తమిళంలో పెద్ద తార అయిన అజిత్ కుమారే ఆయన.

1992 ఆగస్టు 12న విశాఖ సముద్రతీరంలో షూటింగు జరుగుతుండగా ఒక పెద్ద అల వచ్చి శ్రీనివాస్‌ను లాక్కుపోయింది. తండ్రి పెరిగిన ఊరి సముద్రమే కొడుకును మింగేసింది.

ఇలాంటి చోట మన మాటలు చాలవు. తండ్రికి కొడుకు తిలోదకాలు ఇవ్వడం లోకధర్మం. అది తలకిందులైతే ఏ శాస్త్రమూ ఓదార్చలేదు. ఆ దుఃఖంలో చాలామంది తలుపులు మూసుకుంటారు. మారుతీరావు గారు ముందు చేసిన పని, కొడుకు సగంలో వదిలిన సినిమాను తానే పూర్తి చేయడం. 1993లో ‘ప్రేమ పుస్తకం’ విడుదలైంది.

రెండో పని దానికంటే పెద్దది. కొడుకు పేరిట గొల్లపూడి శ్రీనివాస్ మెమోరియల్ ఫౌండేషన్ స్థాపించి, భారతదేశంలో ఏ భాషలోనైనా సరే, మొదటి సినిమా తీసిన దర్శకుల్లో ఉత్తముడిగా ఎంపికైనవారికి ఏటా జాతీయ పురస్కారం ఇవ్వడం మొదలుపెట్టారు. ఇచ్చే రోజు ఆగస్టు 12. ఊరు మన చెన్నై. నగదు లక్షన్నర రూపాయలు, బాపు గారు రూపుదిద్దిన జ్ఞాపిక. దానితోపాటు ఒక స్మారకోపన్యాసం.

మొదట్లో ఈ గౌరవం అందుకున్నవారిలో సాంత్వనా బర్దలై ఒకరు. అస్సాముకు చెందిన పిల్లల వైద్యురాలు ఆవిడ. ఇందిరా గోస్వామి నవల ఆధారంగా, వితంతువుల బతుకు మీద ‘అదాజ్య’ అనే అస్సామీ చిత్రం తీశారు. తరువాతి కాలంలో ‘తారే జమీన్ పర్’ తీసిన ఆమీర్ ఖాన్, ‘ఇంగ్లిష్ వింగ్లిష్’ తీసిన గౌరీ షిండే కూడా ఈ పురస్కారం పొందారు. గువాహటి డాక్టరమ్మ అయినా బొంబాయి తార అయినా పీట ఒక్కటే. చూసేది మొదటి సినిమా ఎంత నిజాయితీగా తీశారన్నదే.

“ఇది దానధర్మం ఎలా అవుతుందండీ? అన్నం పెట్టారా, బడి కట్టించారా?” అని మా బంధువు ఒకాయన నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నాకు తోచిన సమాధానం ఇది. సినిమా రంగంలో మొదటి సినిమా తీసేవాడంత నిరుపేద మరొకడు లేడు. పేరుండదు. నమ్మేవాడుండడు. అప్పులుంటాయి. సినిమా బాగున్నా రెండోది వస్తుందన్న భరోసా ఉండదు. ఆ సమయంలో ఎక్కడో తెలియని ఊరినుంచి ఒక పెద్దాయన పిలిచి శాలువా కప్పి “నువ్వు నిలబడు నాయనా” అంటే, ఆ మాట వాడికి ఏళ్ళ తరబడి అన్నం పెడుతుంది. తన కొడుకుకు ఎవరూ చెప్పే అవకాశం లేకపోయిన మాటను ఆ తండ్రి ఏటా ఇంకొకరి బిడ్డకు చెప్పారు.

ఇంకొక విషయం. ఇంట్లో ఆ తేదీ వస్తే వాకిలి బోసిపోతుంది, పొయ్యి వెలిగించబుద్ధి కాదు. అదే తేదీన సభ పెట్టి, అతిథులను పలకరించి, నవ్వుతూ మాట్లాడడానికి ఎంత గుండె కావాలి? భార్యాభర్తలిద్దరూ ఆ భారం మోశారు. తెరమీద వేసిన వందల వేషాల్లో దేనికైనా ఇంత సాధన చేశారా అనిపిస్తుంది నాకు.

కలం మాత్రం ఆయన దించలేదు. ‘జీవన కాలమ్’ శీర్షిక ఏళ్ళ తరబడి రాశారు. ‘సాయంకాలమైంది’ నవల, ‘అమ్మకడుపు చల్లగా’ పేరుతో ఆత్మకథ మనకు మిగిల్చారు. 2015లో వచ్చిన ‘కంచె’లోనూ నటించారు. 2019 డిసెంబరు 12న ఎనభై ఏళ్ళ వయసులో చెన్నైలోనే కన్నుమూశారు.

మన సంఘ సభ్యుల్లోనూ కడుపుకోత అనుభవించినవారున్నారు. వారికి ఎవరం ఏమి చెప్పగలం? గొల్లపూడి వారంత చేయాలని ఎవరూ అడగరు. పోయిన బిడ్డకు ఏది ఇష్టమో, చదువో, ఆటో, పాటో, ఆ దారిలో నడిచే ఇంకొక పిల్లకో పిల్లాడికో పుట్టినరోజు నాడు ఒక పుస్తకం కొనిచ్చినా చాలు. ఆ పేరు ఇంకొక ఇంట్లో ఒకసారి పలుకుతారు.